తరుగు పోను ముప్పై నాలుగు కిలోలు

మా వీధి కుక్కని మొదటిసారి తూచింది రైసుమిల్లు కాటా మీద. ధాన్యం బస్తాలు తూచే కాటా అది. వాణ్ణి దాని మీద నిలబెట్టడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చింది. ఆ నలుగురిలో ఒకరు మా వీధి పంతులుగారు. ఆయన పౌరోహిత్యం చేస్తారు, కుక్కని ముట్టుకోరు. అందుకని నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎటువైపు నుంచి ఎత్తాలో మాకు చేత్తో చూపించారు. కాటా మనిషి తెర మీద అంకె చూశాడు, అలవాటు చొప్పున పెదవులు కదుపుతూ ఏదో కట్టుకున్నాడు, తర్వాత "ముప్పై నాలుగండి" అన్నాడు. తెర మీద నాకు ముప్పై ఆరు కనిపిస్తోంది. అదేంటని అడిగాను.

"తేమకి రెండు కిలోలు తరుగు తీశానండి, ఆయ్. పొద్దున్న వానలో తడిసినట్టున్నాడు కదండి" అన్నాడు.

నేను ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. తప్పు లెక్క వింటే నాకు తల తిరుగుతుంది. ధాన్యానికి తేమ తరుగు తీస్తారు గాని కుక్కకి తరుగేంటని అక్కడే అరగంట వాదించాను. అతను ఓపిగ్గా విని, "మిల్లుకి వచ్చిన ప్రతి సరుక్కీ తీయాలండి, నా చేతుల్లో లేదు" అన్నాడు. నేను గెలవలేదు. మా వీధివాళ్లకైతే అతని లెక్కే నచ్చింది. "మనం ఊరికే కంగారుపడ్డాం గాని మరీ అంత లేడు" అని మా పక్క మేడింటావిడ స్థిమితపడింది.

అసలు కుక్కని తూచే అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మాది రామచంద్రపురానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, కాలువ రోడ్డు పక్కన ఉన్న ఊరు. మా వీధిలో ఏడిళ్లు. ఏడేళ్ల కిందట ఒక ముసురులో, అరచేతిలో పట్టేంత పిల్ల మా మురుక్కాలవ గట్టున కుయ్యో మంటూ కనిపించింది. ఏడిళ్ల వాళ్లూ ఒకేసారి పాలగిన్నెలతో బయటికొచ్చారు. వాడి జాతకం ఆ క్షణంలోనే ఖాయమైపోయిందని ఇప్పుడనిపిస్తుంది. ఏడిళ్లలో వాడికి ఏడు పేర్లు. అవేమిటో ఇక్కడ రాయను, రాస్తే ఎవరి పేరు ముందు రాశానన్న గొడవ నా ప్రాణానికొస్తుంది. ఏ పేరుతో పిలిచినా పలికేవాడు, ఎందుకంటే ప్రతి పేరు వెనకా ఒక గిన్నె ఉండేది.

మా వైపు మనిషిని సగం కడుపుతో ఇంట్లోంచి పంపడం మాకు తెలియదు. పెట్టింది తినేశాక అసలు వడ్డన మొదలవుతుంది. చుట్టం చాలంటే మర్యాదకి అంటున్నాడని మరో గరిటె వేస్తాం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోస్తాం. ఆ చుట్టం ఆయాసపడుతూ లేచి వీధి చివరిదాకా నడవలేక అరుగు మీద కూలబడితే, పెట్టడం బాగా జరిగిందని తృప్తి పడతాం. మనుషులు దీన్ని తట్టుకుంటారు, ఎందుకంటే మూడోనాడు వాళ్ల ఊరు వెళ్లిపోతారు. కుక్క వెళ్లదు. చాలని చెయ్యి అడ్డం పెట్టడానికి కుక్కకి చెయ్యి కూడా లేదు.

వాడి దినచర్య ఇలా ఉండేది. తెల్లారేసరికి నా టీ వేళకి మా మెట్ల మీద కూర్చునేవాడు. అక్కణ్ణుంచి మేడింటికి వెళ్తే నేతి పెసరట్టు. తర్వాత పంతులుగారి గుమ్మం ముందు, ఆయన దూరం నుంచి జారవిడిచే పులిహోర. మధ్యాహ్నం కుట్టుమిషను ఆవిడ గదిలో పెరుగన్నం, కత్తిరించిన గుడ్డముక్కల మీద కునుకు. సాయంత్రం రొయ్యల చెరువుల ఆయన మోటారుసైకిలు చప్పుడు వినగానే లేచి ఎదురెళ్లేవాడు, ఆయన సంచిలో వాడి కోసం వేపిన రొయ్యలు ప్రత్యేకంగా ఉండేవి. మిగతా రెండిళ్లలో ఏం దొరికితే అది. ఇందులో విచిత్రమేమిటంటే, ఏ ఇంటావిణ్ణి అడిగినా ఒక్కటే మాట: "మా ఇంట్లో తప్ప ఎక్కడా ముట్టడండి వాడు." ప్రతి గుమ్మంలోనూ వాడు ఆ పూటకి ఇంకా ఏమీ తిననట్టే మొహం పెట్టేవాడు. నా దగ్గర చదువుకున్న వేలమంది పిల్లల్లో ఒక్కడికి కూడా అంత నమ్మకంగా అబద్ధమాడే మొహం లేదు.

రెండేళ్ల కిందట పంచాయతీ ఆఫీసు దగ్గర కుక్కలకి రేబీస్ టీకాలు వేశారు. వచ్చిన డాక్టరు చిన్నపిల్ల, నా చివరి బ్యాచ్ పిల్లల వయసుంటుంది. వాడికి టీకా వేసి, వదలకుండా, పక్కల మీద వేళ్లు పెట్టి ఏదో వెతకడం మొదలుపెట్టింది. మేం చుట్టూ నిలబడి చూస్తున్నాం.

"పక్కటెముకలు ఎక్కడున్నాయో దొరకట్లేదండి" అంది.

మా వీధివాళ్ల మొహాలు వెలిగిపోయాయి. రొయ్యల చెరువుల ఆయన మీసం సవరించుకుని, "మా వీధి కదండి మరి, ఏ లోటూ రానివ్వం" అన్నాడు.

"నేను మెచ్చుకోవడం లేదండి" అంది డాక్టరమ్మ. వీధికుక్క ఉండవలసిన బరువుకి వీడు ఎంతో ఎక్కువ ఉన్నాడనీ, కీళ్లు అప్పుడే దెబ్బతిన్నాయనీ, ఈ నెయ్యి, వేపుళ్లు ఏదో ఒకరోజు కడుపులో క్లోమగ్రంథిని వాచేలా చేస్తాయనీ, అదే జరిగితే బతకడం కష్టమనీ చెప్పింది. "ఒక్క మనిషి, రెండు పూటలు, కొలిచి పెట్టాలి. నూనె, నెయ్యి, తీపి అసలొద్దు. ఇలాగే నడిస్తే వచ్చే ఏడు ఈ టీకాకి వీడు రాడండి." ఆ చివరి మాటతో అందరం బిగుసుకుపోయాం. కుట్టుమిషను ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

డాక్టరమ్మ టీకా కార్డు తీసి పెన్ను పట్టుకుంది. "యజమాని పేరు?"

"అందరిదీనండి" అన్నారు పంతులుగారు.

"అందరూ అని రాయడానికి వీల్లేదండి. ఎవర్నైనా కరిస్తే ఎవరు పూచీ పడతారు, జబ్బు చేస్తే ఎవరు తీసుకొస్తారు, ఏం తింటున్నాడో ఎవరు చూస్తారు? ఒక్క పేరు చెప్పండి."

అంతవరకూ కార్డు చుట్టూ మూగినవాళ్లం ఎవరికి తెలియకుండా వాళ్లం తలా ఒక అడుగు వెనక్కి వేశాం. పంతులుగారు వాచీ చూసుకున్నారు, ఆ రోజు ఆయనకి ఏ ముహూర్తమూ లేదని నాకు తెలుసు. మేడింటావిడ "మా ఆయన్ని అడిగి చెప్పాలండి" అంది. ఆవిడ ఇల్లు కట్టేటప్పుడు కూడా వాళ్లాయన్ని అడగలేదు. నేను సంచిలో కళ్లజోడు వెతకసాగాను. కళ్లజోడు నా తలమీదే ఉంది. పెట్టేటప్పుడు ముందుకొచ్చిన ఏడిళ్లూ పేరు అడిగేసరికి ఇలా అయ్యాయి. కార్డులో ఆ గీత ఖాళీగానే ఉండిపోయింది. డాక్టరమ్మ ప్రతి నెలా బరువు చూసి తనకి ఫోన్లో చెప్పమంది. అలా మేం మిల్లుకి వెళ్లాం.

తూచిన రోజు సాయంత్రం మా అరుగు మీద మీటింగు పెట్టాను. కుక్కకి తిండి ఎలా తగ్గించాలన్నది విషయం. ఇంటికొచ్చిన వాళ్లకి ఏమీ పెట్టకుండా ఎలా అని మావారు ఉల్లిపాయ పకోడీలు వేశారు. అరగంట చర్చలో కుక్క ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి మొహంలోకి చూసింది, ప్రతి మనిషీ ఒక్కొక్క పకోడీ చల్లార్చి అందించాడు. తిండి తగ్గించాలని ఏకగ్రీవంగా ఒప్పుకునేసరికి వాడు పద్నాలుగు పకోడీలు తిన్నాడు. నేను లెక్కపెట్టాను.

ఒక్క మనిషే పెట్టాలని డాక్టరు చెప్పింది నిజమే గాని, ఆ ఒక్కరు ఎవరన్న ప్రశ్న దగ్గర మళ్లీ వాచీలు చూసుకోవడం మొదలైంది. బడి బుద్ధి ఎక్కడికి పోతుంది? నేను చార్టు తెచ్చి టైంటేబుల్ గీశాను. ఏడిళ్లు, ఏడు రోజులు. ఎవరి రోజున వాళ్లు మాత్రమే, రెండు పూటలు, కొలిచిన అన్నం, ఉడికించిన కూరముక్కలు. ఎంత పెట్టాలో చూపించడానికి ఒక పాత గ్లాసు కూడా చార్టు పక్కన వేలాడదీశాను. అంత తేలికైన విషయానికి డాక్టరు అంతగా భయపెట్టిందేమిటా అనుకున్నాను. నా మీద నాకు బోలెడంత గౌరవం కలిగింది.

నేను మర్చిపోయిందల్లా నేను ఏ ఊళ్లో ఉన్నానన్నది. రోజూ వచ్చేవాడికైతే ఏదో ఒకటి పెడతారు. వారానికొకసారి, రోజు చెప్పి మరీ వచ్చేవాడు చుట్టం. సోమవారం మేడింటావిడ వంతు. ఆవిడ శనివారం నుంచే హడావిడి పడింది. అరిటాకు కడిగి వేసి, పప్పు, నెయ్యి, పనసపొట్టు కూర, చివర్లో ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకు. అదేమని అడిగితే, "వారానికి ఒక్కరోజే కదా టీచర్ గారూ, మా వంతు రోజున వాడు పస్తున్నాడన్న మాట నాకెందుకు" అంది. ఆకు ముందు కూర్చున్న కుక్క ఫోటో వీధి వాట్సప్ గ్రూపులో పెట్టింది. మంగళవారం వాళ్లు ఆ ఫోటో చూశారు. చూశాక వాళ్లు మాత్రం గ్లాసుతో కొలిచిన అన్నం ఎలా పెడతారు? గురువారానికి బొబ్బట్లు వచ్చాయి. శుక్రవారం రొయ్యల చెరువుల ఆయన ఏకంగా బిర్యానీ దించాడు. నేను వేలాడదీసిన గ్లాసుని ఎవరో కడిగి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేవారు, చాలా గౌరవంగా.

నెల తిరిగేసరికి కాటా మీద ముప్పై ఎనిమిది. "తరుగు పోను ముప్పై ఆరండి" అన్నాడు కాటా మనిషి. ఆ రోజు వాన కూడా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి చార్టు చింపేశాను. ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, మీరు వాణ్ణి చంపుతున్నారని మొహం మీదే చెప్పాను. ఒక్కొక్క ఇంట్లోనూ నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నేను చెప్పింది పక్కింటి గురించి నిజమేనని ఒప్పుకున్నారు.

చివరికి వాడి మెడలో బోర్డు కట్టాలని నిశ్చయించాను. కుట్టుమిషను ఆవిడ తెల్ల గుడ్డ మీద ఎర్రదారంతో "నాకు తిండి పెట్టవద్దు" అని కుట్టింది. మనసొప్పక, నరసాపురంలో వాళ్ల అక్క అల్లిన లేసు తీసి చుట్టూ అంచు కూడా వేసింది. నేను పొద్దున్నే వాడికి స్నానం చేయించి, తుడిచి, ఆ గుడ్డ కట్టి, చేతిలో గొడుగు పట్టుకుని వీధి మొదట్లో కాపలా కూర్చున్నాను. పొద్దువాలేదాకా వాడి నోట్లోకి మెతుకు పోనివ్వలేదు. సాయంత్రం ఆరింటికి గ్లాసుడు అన్నం నేనే పెడదామని నా ఆలోచన. అంతా సవ్యంగా చేశాను, ఒక్క పంచాంగం తప్ప. ఆ రోజు కార్తీక సోమవారం.

కాలువలో స్నానాలు చేసి వస్తున్న పక్క వీధుల ఆడవాళ్లు ఆగి చూశారు. తలంటుకున్న కుక్క, మెడలో లేసు అంచు తెల్ల బట్ట, దాని మీద తిండి వద్దన్న మాట. కుక్క నీరసంగా, ప్రశాంతంగా, అరమోడ్పు కళ్లతో కూర్చుని ఉంది. మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకిపోయింది, టీచర్ గారి వీధిలో కుక్క సోమవారం ఉపవాసం ఉంటోందని. ఇద్దరు ముగ్గురు వెళ్లి పంతులుగార్ని అడిగారు. ఆయన జీవితంలో ఎవరికీ కాదని చెప్పి ఎరగరు. కాసేపు ఆలోచించి, "పూర్వజన్మ వాసన అయ్యుండొచ్చండి" అన్నారట.

ఆకాశంలో మొదటి చుక్క కనిపించేసరికి మా వీధిలో ముప్పై మంది ఆడవాళ్లున్నారు, అందరి చేతుల్లోనూ పళ్లేలు. చలిమిడి, వడపప్పు, బూరెలు, నేతిలో వేగిన జీడిపప్పు తేలుతున్న సగ్గుబియ్యం పాయసం. ఒక పెద్దావిడ వాడి చుట్టూ మూడుసార్లు తిరిగింది. వాడు ఆవిడతో పాటే తిరగబోయి, పళ్లెం చూసి ఆగాడు.

"ఉపవాసం కాదండి, డైటింగు. డాక్టరు చెప్పింది" అని నేను అరుస్తున్నాను.

"ఏదైతేనేంటండి, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదా. చుక్కని చూశాక కడుపునిండా తినకపోతే చేసిన ఉపవాసానికి ఫలం దక్కదు" అని ఒకావిడ నన్ను మెత్తగా పక్కకి జరిపింది. అందరూ జరిపారు. నా గొడుగు ఎక్కడ పోయిందో కూడా తెలియలేదు. మేడింటావిడ కూడా ఆ గుంపులో ఉంది, ఆవిడ చేతిలోనూ పళ్లెం ఉంది. వాడు వరసగా అన్ని పళ్లేలూ ఖాళీ చేశాడు.

మర్నాడు తెల్లవారి నేను టీ పెట్టుకుని మెట్ల మీదకి వచ్చాను. వాడు లేడు. అయిదేళ్లలో అది మొదటిసారి. టీ గ్లాసు అక్కడే పెట్టేసి వెతుక్కుంటూ వెళ్తే, కుట్టుమిషను ఆవిడ అరుగు కింద కనిపించాడు. ముందు కాళ్లు చాచి, వెనక భాగం పైకెత్తి, పొట్ట నేలకి ఆనకుండా వణుకుతూ నిలబడి ఉన్నాడు. చుట్టూ వాంతులు. నేను పిలిస్తే వాడు తల తిప్పలేదు. ఆ క్షణం ఊళ్లో ఏ మనిషి మీదా కోపం రాలేదు, ఒట్టి భయం వేసింది.

ఆటో వచ్చింది. నేను, మావారు, మేడింటావిడ, పంతులుగారు ఎక్కాం. వాణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలో తేలక అటూ ఇటూ చూస్తుంటే పంతులుగారు "ఇలా ఇవ్వండి" అన్నారు. ఉత్తరీయం ఒళ్లో పరిచి, ముప్పై ఎనిమిది కిలోల కుక్కని దాని మీద పెట్టుకుని, రామచంద్రపురం దాకా పొట్ట మీద చెయ్యి తీయకుండా కూర్చున్నారు. దారిలో వాడు ఆయన మీద రెండుసార్లు కక్కాడు. ఆయన ఉత్తరీయం కొసతో వాడి మూతి తుడిచారు.

పశువుల ఆసుపత్రిలో అదే డాక్టరమ్మ. చూడగానే ఆమెకి అర్థమైంది. సూది గుచ్చి, సెలైను సీసా కిటికీ ఊచకి కట్టి, మావైపు తిరిగింది. "నిన్న ఏం తిన్నాడండి?"

"ఒక్క బూరెండి. చిన్నది" అంది మేడింటావిడ.

"ఇంత ప్రసాదం" అన్నారు పంతులుగారు.

"ముప్పై మంది పెట్టారు" అన్నాను నేను. "నేను ఆపబోయాను డాక్టరుగారూ. నెల నుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను, ఒక్కరూ వినరు."

"సరేనండి. రోజూ పొద్దున్న అందరికంటే ముందు ఎవరు పెడతారు?"

మావారు నావైపు చూశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు ఎదురుచెప్పింది లేదు, అప్పుడు కూడా చెప్పలేదు, ఊరికే చూశారు.

"రెండు రస్కులు" అన్నాను. "టీలో ముంచి. పంచదార టీ."

"రోజూనా?"

"అయిదేళ్లుగా."

"టైంటేబుల్ వేశానని ఫోన్లో చెప్పారు కదండి. అందులో రాయలేదా?"

రాయలేదు. టైంటేబుల్లో నా వంతు ఆదివారం. ఆదివారం నేను గ్లాసుతో కొలిచే పెట్టాను, ఒక్క మెతుకు ఎక్కువ కాదు. మిగతా ఆరు రోజులూ ఎవరెవరు ఎంత ఎక్కువ పెడుతున్నారో రాసుకున్నాను. మీటింగులో పకోడీలు లెక్కపెట్టాను. రోజుకి రెండు రస్కుల చొప్పున అయిదేళ్లకి ఎన్నో నోటిలెక్కన చెప్పగలను, ఇప్పుడైనా చెప్పగలను. ఆ లెక్క ఏనాడూ వేసుకోలేదు. అది తిండి అని నాకు తోచలేదంటే సగమే నిజం. ఆ రస్కులు మానేస్తే వాడు తెల్లారగానే ముందు మా మెట్ల మీదకి రాడేమో, నేరుగా మేడింటికి వెళ్లిపోతాడేమోనని నాకు భయం. ఆకలేసి వస్తున్నాడని పెట్టలేదు నేను. రావాలని పెట్టాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

డాక్టరమ్మ నన్ను ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. "రెండు రోజులు నోట్లో ఏమీ పెట్టకూడదండి, సెలైన్లే. బతికితే మాత్రం ఇక జీవితాంతం ఒక్క చేతి తిండి. ఆ చెయ్యి ఎవరిదో తేలకపోతే నేను వైద్యం చేసి ఉపయోగం లేదు" అంటూ పాత కార్డు తీసింది. ఆ గీత ఇంకా ఖాళీగానే ఉంది. పెన్ను తీసుకుని నా పేరు రాశాను. పై గీతలో కుక్క పేరు రాయాలి. అడిగితే మూడిళ్లవాళ్లం ఒకేసారి మూడు పేర్లు చెప్పాం. ఆమె మమ్మల్నొకసారి చూసి "కుక్క" అని రాసుకుంది.

మూడోరోజు వాడు తలెత్తి నీళ్లు తాగాడు. ఆరోరోజు ఇంటికి తెచ్చి మా గేటు వేశాను. అప్పట్నుంచి వీధిలో నా కష్టాలు మొదలయ్యాయి. రోగిని చూడటానికి ఎవరూ ఉత్తచేతులతో రారు మా వైపు. ఆపిల్ పళ్లు, బ్రెడ్డు, కొబ్బరిబోండాలు, హార్లిక్స్ సీసాలు వచ్చాయి. నేను గేటు దగ్గర బల్ల వేసుకుని సంచులు తీయించి చూసి, తిండి వస్తువులు అక్కడే ఉంచి మనిషిని లోపలికి పంపేదాన్ని. రొయ్యల చెరువుల ఆయన చొక్కా జేబులు కూడా చూశాను, ఊరికే చూడలేదు, దొరికాయి. "మా చేతి తిండి విషమైపోయిందా టీచర్ గారూ" అని మేడింటావిడ నాతో మాటలు మానేసింది. ఒకే గోడకి అటూ ఇటూ ఉంటూ, వాడెలా ఉన్నాడని నన్ను వాట్సప్ గ్రూపులో అడిగేది. నేను గ్రూపులోనే జవాబు చెప్పేదాన్ని. మిగతా ఐదిళ్లవాళ్లూ చదివి, ఇద్దరికీ దణ్ణం గుర్తు పెట్టేవారు.

అన్నిటికంటే కష్టం తెల్లవారు టీ. మొదటి రోజు అలవాటుగా మెట్ల మీద కూర్చున్నాను, వాడు ఎదురుగా కూర్చున్నాడు. రస్కు లేదు. వాడు నా మొహంలోకి చూశాడు, గ్లాసులోకి చూశాడు, మళ్లీ మొహంలోకి చూశాడు. వాణ్ణి చూస్తూ నేనొక్కదాన్నే రస్కు తినడం నావల్ల కాలేదు. డబ్బాలో మిగిలినవి మావారికి ఇచ్చేశాను. ఆయన వంటింట్లో తలుపేసుకుని తినేవారు. టీ అయ్యాక వాణ్ణి తాడు కట్టి కాలువ గట్టు మీద నడిపించేదాన్ని. వీధివాళ్లు తిండి పెట్టలేకపోయినా చూడొచ్చు కదా అని వెనకే వచ్చేవారు. పంతులుగారు అందరికంటే ముందు నడిచేవారు, తాడు ఎక్కువగా ఆయన చేతిలోనే ఉండేది. మేడింటావిడ యాభై గజాలు వెనక. దూరం నుంచి చూసినవాళ్లు ఏదో ఊరేగింపనుకునేవారు. ప్రతి నెలా మొదటి తారీఖున ఆ ఊరేగింపు మిల్లు దాకా సాగేది. బరువు నెలకి కిలో చొప్పున, కొన్ని నెలలు కిలోన్నర చొప్పున తగ్గుతూ వచ్చింది.

ఆ మరుసటి ఏడు మళ్లీ పంచాయతీ ఆఫీసు దగ్గర టీకాలు. డాక్టరమ్మ వాడి పక్కల మీద వేళ్లు పెట్టింది. మేమందరం ముందుకి వంగాం. "దొరికాయండి" అంది. "ఇక గేటు తీసి వదిలినా పరవాలేదు, వీధిలో ఎవరూ పెట్టకపోతే." ఆ మాట మేడింటావిడ వైపు చూసి అంది. అటునుంచి అటే మిల్లుకి తీసుకెళ్లాం. వాడు తనంతట తనే కాటా ఎక్కి నిలబడ్డాడు. తెర మీద ఇరవై నాలుగు. కాటా మనిషి పెదవులు కదిపి, నావైపు చూసి ఆగిపోయాడు.

"ఇరవై నాలుగేనండి. తరుగేం తీయలేదండి, ఆయ్" అన్నాడు.

మర్నాడు తెల్లవారి టీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుని, గేటు తీశాను. తీయడానికి నాకు ఇష్టం లేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాడు బయటికెళ్లి అటూ ఇటూ చూసి, నేరుగా మేడింటికి నడిచాడు. మేడింటావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది, అంత పొద్దున్నే ఎందుకు నిలబడిందో ఆవిడకే తెలియాలి. వాడు కూర్చుని పాత మొహం పెట్టాడు. ఆవిడ వంగి, ఖాళీ అరచేతులు రెండూ వాడికి చూపించింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వాడు పంతులుగారి గుమ్మం ముందు ఆగాడు. కుట్టుమిషను ఆవిడ అరుగు ఎక్కి దిగాడు. ఏడిళ్లూ తిరిగాడు. నా టీ చల్లారి మీగడ కట్టింది. తాగాలనిపించలేదు. నా దగ్గర కూడా ఏమీ లేదని వాడికి తెలుసు, ఏడాది నుంచి తెలుసు.

వాడు వీధి చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చి, తీసి ఉన్న గేటులోంచి లోపలికి నడిచి, నా రెండు పాదాల మీద అడ్డంగా పడుకున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కేదాకా కదల్లేదు నేను. ఇరవై నాలుగు కిలోలు, తరుగు తీయకుండా.